ఓటమికి హద్దు గీసుకున్నవాళ్లు

2012 జులై 1. లాస్‌వేగాస్‌లోని రియో హోటల్. రష్యా వ్యాపారి మిఖాయిల్ స్మిర్నోవ్ చేతిలో రెండు ఎనిమిదులున్నాయి. బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా పరిచిన అయిదు ముక్కల్లో మరో రెండు ఎనిమిదులు పడ్డాయి. అంటే పేకలో ఉన్న నాలుగు ఎనిమిదులూ ఆయనవే. ఏళ్ల తరబడి పోకర్ ఆడినవాళ్లకు కూడా అరుదుగా పడే చేయి అది. ఎదురుగా ఉన్నది అమెరికాలోని మిన్నెసోటా నుంచి వచ్చిన మరో వ్యాపారి, జాన్ మోర్గాన్. స్మిర్నోవ్ పందెం కాశాడు. మోర్గాన్ తన దగ్గరున్న పందెం బిళ్లలు, అంటే చిప్స్, మొత్తం ముందుకు తోసేశాడు.

స్మిర్నోవ్ చాలాసేపు ఆలోచించాడు. బల్ల మీద ఇస్పేటు ఏడు, ఇస్పేటు ఎనిమిది, ఇస్పేటు జాకీ ఉన్నాయి. మోర్గాన్ దగ్గర ఇస్పేటు తొమ్మిదీ పదీ ఉంటే ఏడు నుంచి జాకీ దాకా ఒకే రంగులో వరస కుదురుతుంది. మన రమ్మీ ఆటగాళ్లు ప్యూర్ సీక్వెన్స్ అనేది ఇదే. ఆ చోట నాలుగు ఎనిమిదుల్ని కొట్టగలిగింది అదొక్కటే. స్మిర్నోవ్ కంటికి కనపడని ముక్కలు 45. వాటిలోంచి రెండేసి చొప్పున తీస్తే 990 జతలవుతాయి. ఆయన్ని ఓడించేది వాటిలో ఒకే ఒక్క జత. అయినా ఆయన తన రెండు ఎనిమిదుల్నీ అందరికీ కనపడేలా వెల్లకిలా తిప్పి బల్ల మీద పడేశాడు. ఆ ఆట వదిలేసుకున్నాడు.

అవతలివాడు వదిలేశాక గెలిచినవాడు తన ముక్కలు చూపించాల్సిన పనిలేదు. అందుకే ఆ చేయి మీద పోకర్ ఆడేవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. పిరికితనం అన్నవాళ్లు ఎక్కువ. నాకలా అనిపించదు. 990లో ఒకటి అన్న లెక్క, ఎదుటివాడు ఏ రెండు ముక్కలతోనైనా అంత పందెం కాస్తాడు అనుకున్నప్పుడే పనికొస్తుంది. ఎదుట ఉన్నది ఎలాంటి మనిషి, ఇంతవరకూ ఎలా ఆడాడు, ఏముంటే తప్ప ఇంత సాహసం చేయడు అని తూచుకోవడం మొదలుపెడితే ఆ 990 జతలు గుప్పెడు జతలైపోతాయి. ఒప్పందం బల్ల దగ్గర కూర్చున్న వ్యాపారి చేసే పని అదే. కాగితం మీది అంకెలతో పాటు ఎదుటి మనిషినీ చదువుతాడు. స్మిర్నోవ్ తప్పే చదివి ఉండొచ్చు. కానీ చేతిలో అంత పెద్ద చేయి పట్టుకుని లేచిపోగలగడం మాత్రం మామూలు విషయం కాదు.

పదిలక్షల డాలర్ల కుర్చీ

ఆ రోజు ఆ హాల్లో ఒక్కో కుర్చీ ఖరీదు పదిలక్షల డాలర్లు. అప్పటి మారకం ప్రకారం దాదాపు అయిదున్నర కోట్ల రూపాయలు. ‘బిగ్ వన్ ఫర్ వన్ డ్రాప్’ అని పేరుపెట్టిన ఆ పోటీకి ముందు పోకర్ చరిత్రలో అంత ప్రవేశ రుసుము ఎవరూ పెట్టలేదు. 48 కుర్చీలు వేస్తే 48 నిండాయి. ఒక్కొక్కరు కట్టిన సొమ్ములోంచి 1,11,111 డాలర్లు మంచినీటి సేవా సంస్థ ‘వన్ డ్రాప్’కి వెళ్లాయి. అలా జమపడింది 53 లక్షల డాలర్ల పైచిలుకు. మిగిలిన 4 కోట్ల 26 లక్షల డాలర్లు బహుమతులు. 48 మందిలో డబ్బు చేతికొచ్చేది తొమ్మిది మందికే. మిగతా 39 మంది మూడు రోజుల్లో వట్టి చేతులతో లేచిపోవాలి.

పోకర్ తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో: ఒక్కొక్కరికి రెండు ముక్కలు రహస్యంగా పంచుతారు. తర్వాత బల్ల మధ్యలో మూడు, ఆపైన ఒకటి, ఆపైన ఇంకొకటి, మొత్తం అయిదు ముక్కలు అందరికీ కనపడేలా పరుస్తారు. ఈ ఏడింటిలో మేలైన అయిదుతో ఎవరి చేయి వాళ్లు కట్టుకోవాలి. ముక్కలు పడే ప్రతి దశలోనూ పందెం ఉంటుంది. మన మూడు ముక్కలాటలో లాగే చేతిలో ఏమీ లేకుండా బ్లఫ్ చేసి గెలవొచ్చు. తేడా ఏమిటంటే అయిదు ముక్కలు కళ్లెదుటే ఉంటాయి కాబట్టి ఊహకూ లెక్కకూ చాలా పని పడుతుంది.

ఆ టోర్నమెంటులో ఇంకో షరతు ఉంది. రుసుము కట్టినవాడికి ఇచ్చే చిప్స్‌కి బయట విలువ లేదు. మధ్యలో లేచి డబ్బుగా మార్చుకోవడం కుదరదు. అయిపోతే ఇంటికెళ్లాలి. ఎంత ఆవేశం వచ్చినా జేబులోంచి ఇంకో కట్ట తీసి బల్ల మీద పెట్టడానికి లేదు. గరిష్ఠంగా ఎంత పోతుందో తలుపు దగ్గరే తేలిపోతుంది. ఈ షరతును చాలామంది పట్టించుకోరు గానీ, ధనవంతుల పేకాట గురించి ఆలోచించిన కొద్దీ నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా కనపడేది ఇదే.

నోట్లోంచి నిప్పు ఊదిన కుర్రాడు

ఈ పోటీ కెనడాకు చెందిన గీ లాలిబెర్తే ఆలోచన. ‘సర్క్ దు సొలెయ్’ పేరు విన్నవాళ్లకు ఆయన తెలిసే ఉంటాడు. 1959లో క్యూబెక్ నగరంలో పుట్టాడు. కుర్రతనంలో వీధుల్లో అకార్డియన్ వాయించాడు, పొడవాటి కర్రకాళ్ల మీద నడిచాడు, నోట్లోంచి నిప్పు ఊదాడు. టోపీలో పడిన చిల్లరతో రోజులు గడిపాడు. బే-సాఁ-పోల్ అనే చిన్న ఊరి కర్రకాళ్ల బృందంలోంచి పుట్టిందే సర్క్ దు సొలెయ్. జాక్ కార్తియే అనే ఫ్రెంచి నావికుడు కెనడా తీరం చేరి 450 ఏళ్లయిన సందర్భంగా 1984లో క్యూబెక్ ప్రభుత్వం ఉత్సవాలు చేస్తుంటే, ఊరూరా ప్రదర్శనలిచ్చే పని ఈ బృందానికి దక్కింది. జంతువులు లేని సర్కస్. సంగీతం, కథ, మనుషుల ఒంటి విన్యాసాలు, అంతే.

లాలిబెర్తే ఆడిన అసలైన పందెం 1987లో లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. అక్కడి కళోత్సవం నిర్వాహకుల దగ్గర ముందుగా ఇవ్వడానికి డబ్బు లేదు. సరే, టికెట్ల మీద వచ్చేదంతా మాకే ఇవ్వండి, ప్రారంభ ప్రదర్శన మాదే కావాలి అని ఒప్పుకున్నాడు లాలిబెర్తే. గుడారం, సామాను, కళాకారులతో ఖండం అవతలి ఒడ్డుకు చేరాడు. ఆట ఆడకపోతే సామాను వెనక్కి తెచ్చుకోవడానికి చేతిలో సొమ్ము లేదు. ఆట ఆడింది. అక్కడి నుంచి ఆ సంస్థకు వెనుదిరిగి చూడాల్సిన పని పడలేదు.

వేగాస్‌కి ఆయన మొదట వెళ్లింది పేకాటకు కాదు. 1993లో ట్రెజర్ ఐలండ్ హోటల్లో ‘మిస్తేర్’, 1998లో బెల్లాజియో హోటల్లో నీటి కొలను మీద ఆడే ‘ఓ’ అనే ఆయన సర్కస్ ప్రదర్శనలు మొదలయ్యాయి. ఆ బెల్లాజియోను నడిపిన బాబీ బాల్డ్‌విన్ 1978లో పోకర్ ప్రపంచ విజేత. 2012లో లాలిబెర్తే పెట్టిన పోటీలో ఆయనా కూర్చుని ఏడో స్థానంలో నిలిచాడు. ట్రెజర్ ఐలండ్‌ని కొన్న ఫిల్ రఫిన్ కూడా ఆ 48 మందిలో ఒకడు. అంటే ఆ బల్లల చుట్టూ చేరినవాళ్లు ఒకరికొకరు కొత్త కాదు. పగలు వ్యాపారం చేసుకున్నవాళ్లే రాత్రి పేక పట్టారు. ఎవరిని పిలవాలో, ఎవరు పదిలక్షల డాలర్లు పెట్టగలరో లాలిబెర్తేకి తెలియడానికి కారణం కూడా ఆ చుట్టరికమే.

2007లో ఆయన రెండు పనులు చేశాడు. బెల్లాజియోలో జరిగిన వరల్డ్ పోకర్ టూర్ చాంపియన్‌షిప్‌లో ఆఖరి బల్ల దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచాడు. అదే ఏడు వన్ డ్రాప్ సంస్థను స్థాపించి, పాతికేళ్లలో 10 కోట్ల డాలర్లు ఇస్తానని మాటిచ్చాడు. 2009 సెప్టెంబరు 30న సోయుజ్ నౌకలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లాడు. ముక్కుకి విదూషకుల ఎర్ర బంతి తగిలించుకుని అక్కడ తేలుతూ కనపడ్డాడు. నీటి విలువ చెప్పడానికి భూమ్మీద 14 నగరాలను కలుపుతూ రెండు గంటల కార్యక్రమం నడిపించాడు.

ఆ యాత్రకు 4 కోట్ల 18 లక్షల కెనడా డాలర్లయింది. సంస్థ ప్రచారం కోసమే వెళ్లాను కాబట్టి ఇది వ్యాపార ఖర్చు అని ఆయన వాదన. కెనడా పన్నుల శాఖ ఒప్పుకోలేదు. 2018లో పన్నుల న్యాయస్థానం ఆ ఖర్చులో 90 శాతం ఆయన సొంత సరదాయేనని, ఆ 3 కోట్ల 76 లక్షల మీద పన్ను కట్టాలని తీర్పిచ్చింది. 2020లో అప్పీలూ పోయింది. సరదా ఎంత, వ్యాపారం ఎంత అని గీత గీయాల్సి వచ్చిన ఆ న్యాయమూర్తి పని చిన్నది కాదు. లాలిబెర్తే లాంటివాళ్ల జీవితంలో ఆ రెండూ విడివిడిగా ఉండవు. వన్ డ్రాప్ పోటీ కూడా అంతే. అది సేవ, సరదా, ప్రచారం, పరపతి, పేకాట మోజు. ఆ మోజు లేకపోతే ఆ 53 లక్షల డాలర్లు నీళ్ల కోసం వచ్చేవీ కావు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఎప్పుడు లేవాలో కూడా ఆయనకు తెలుసు. 2015లో సర్క్ దు సొలెయ్‌లో మెజారిటీ వాటా అమ్మేశాడు. మిగిలిన పది శాతాన్ని 2020 ఫిబ్రవరిలో అమ్మాడు. తర్వాతి నెలలోనే కోవిడ్‌తో ప్రపంచమంతటా ఆ సంస్థ గుడారాలు మూతపడ్డాయి. జూన్‌లో అది దివాలా రక్షణ కోరింది. అది ముందుచూపో అదృష్టమో ఎవరూ తేల్చలేరు. పేకాటలోనూ ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఎవరి డబ్బుతో ఎవరు బతుకుతారు

వ్యాపారంలో ఇంత చురుకైన మనిషి పేక దగ్గర మాత్రం భారీగా పోగొట్టుకున్నాడు. ఆన్‌లైన్ పోకర్ మోజు బాగా ఉన్న 2008 ప్రాంతాల్లో ఆయనవిగా చెప్పే ఖాతాల్లో రెండు కోట్ల డాలర్లకు పైగా పోయాయని పోకర్ పత్రికలు రాశాయి. ఎందుకలా? తెలివి తక్కువై కాదు. పెద్ద పందేల పోకర్ ఒక వృత్తి. రోజుకు పదేసి గంటలు అదే పనిగా లక్షల చేతులు ఆడి, తప్పుల్ని లెక్కగట్టి దిద్దుకున్నవాళ్ల ఎదుట, వారాంతంలో వచ్చి కూర్చునే వ్యాపారి ఎంత సూక్ష్మబుద్ధి అయినా కొద్దికొద్దిగా నష్టపోతాడు. ఒక్క రాత్రి గెలవొచ్చు. వెయ్యి రాత్రులు ఆడితే గెలవడు. బల్ల దగ్గర కూర్చున్న ప్రొఫెషనల్‌కి ఈ సంగతి బాగా తెలుసు. వ్యాపారికీ తెలుసు.

వాళ్లలో వాళ్లు ఒకరి డబ్బు ఒకరు గెలుచుకుంటూ కూర్చుంటే ప్రొఫెషనల్స్‌కి పూట గడవదు. బయటి నుంచి డబ్బు రావాలి. అది తెచ్చేది వ్యాపారి. పొలానికి కాలువ ఎలాగో ఈ ఆటకు ఆయన అలాగ. అందుకే అలాంటి మనిషి వస్తున్నాడంటే నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి వచ్చి కుర్చీ పట్టుకుంటారు. ఆయన కోసమే బల్ల వేస్తారు, ఆయన లేచిపోతే బల్ల ఎత్తేస్తారు. ఇంకో సంగతి కూడా ఉంది. పదిలక్షల డాలర్ల పోటీల్లో ప్రొఫెషనల్స్ చాలామంది పూర్తిగా సొంత సొమ్ము పెట్టరు. తమ గెలుపులో వాటాలు ముందే ఇతరులకు అమ్ముకుని ఆ డబ్బుతో కూర్చుంటారు. 2012లో గెలిచిన ఆంటోనియో ఎస్ఫాండియారీ వెనకా వాటాదారులున్నారు. టెహ్రాన్‌లో పుట్టి, అమెరికాలో ఇంద్రజాలం చేసి, పేకలోకి వచ్చిన ఆయనకు ఆ పోటీలో దక్కింది 1 కోటి 83 లక్షల డాలర్లు. అప్పట్లో దాదాపు వంద కోట్ల రూపాయలు. పూర్తిగా తన జేబులోంచి కట్టి, ఓడితే పూర్తిగా తానే భరించేది వ్యాపారి.

ఈ అసమానతను లాలిబెర్తే తన బలంగా ఎలా వాడుకున్నాడో ‘హై స్టేక్స్ పోకర్’ అనే టీవీ కార్యక్రమంలో జరిగిన ఒక చేయి చూపిస్తుంది. ఫ్రెంచి ప్రొఫెషనల్ దావీద్ బెన్యామీన్‌తో పందెం పెరిగి పెరిగి బల్ల మధ్యలో 12 లక్షల డాలర్లు దాటింది. ఇద్దరి ముక్కలూ బయటపడ్డాయి. మిగతా ముక్కలు ఇంకా పడలేదు. అవకాశాల లెక్కలో లాలిబెర్తే మెరుగ్గా ఉన్నాడు. ఆ స్థితిలో ఆయనే, ఆఖరి పెద్ద పందేలు ఎవరివి వాళ్లు వెనక్కి తీసేసుకుందాం, అంతకుముందు పోగైన 2 లక్షల 38 వేల డాలర్లతోనే తేల్చుకుందాం అన్నాడు. అవతలి మనిషికి అది కొంపమునిగే మొత్తం, తనకు కాదు. ఆ తేడాను ఆయన గుర్తించాడు. దానిలో ఔదార్యం ఉంది. తన స్థోమత ఎదుటివాడికి తెలియజెప్పడమూ ఉంది. ఆ రెండోది బ్లఫ్ కన్నా పదునైన ఆయుధం. పోగొట్టుకోవడానికి భయపడని మనిషిని పందెం పెంచి బెదిరించడం ఎవరివల్లా కాదు.

డల్లాస్ బ్యాంకు యజమాని ఆండీ బీల్ సరిగ్గా ఈ మాట మీదే పందెం కట్టాడు. సంఖ్యా సిద్ధాంతంలో తన పేరున ఒక ప్రతిపాదన ఉన్న గణిత ప్రియుడు ఆయన. దాన్ని రుజువు చేసినవారికి పదిలక్షల డాలర్ల బహుమతి ప్రకటించాడు. 2001 నుంచి వేగాస్ వచ్చి, మేటి ప్రొఫెషనల్స్‌తో ఒకరికి ఒకరుగా ఆడతానన్నాడు. వాళ్ల స్థోమతకు మించి పందెం పెంచితే చేతులు వణుకుతాయని ఆయన లెక్క. డోయల్ బ్రన్సన్, చిప్ రీస్, జెనిఫర్ హార్మన్ లాంటివాళ్లు డబ్బులు ఒక్కచోట పోగేసి, వంతులవారీగా ఆయన ఎదుట కూర్చున్నారు. ఒక్కొక్కరిని వణికించగలిగే పందెం అందరూ కలిసేసరికి భరించగలిగేదైంది. 2006 ఫిబ్రవరిలో ఒక వారం బీల్ కోటీ 30 లక్షల డాలర్లకు పైగా గెలిచాడు. తర్వాతి వారం ఆ జట్టులోని ఫిల్ ఐవీ ఒక్కడే మూడు రోజులు కూర్చుని కోటీ 60 లక్షలకు పైగా లాగేశాడు. అది టోర్నమెంటు కాదు, నగదు ఆట. ఆపమని చెప్పే నియమం ఏదీ లేదు. బీల్ తనంతట తానే ఆపాల్సి వచ్చింది.

లెక్కల మనిషి

ఈ బల్లల దగ్గర కనపడే వ్యాపారుల్లో నాకు ఎక్కువ గౌరవం కలిగించింది డేవిడ్ ఐన్‌హార్న్. 1996లో గ్రీన్‌లైట్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థను 9 లక్షల డాలర్లతో మొదలుపెట్టాడు. అందులో తల్లిదండ్రుల డబ్బు కూడా ఉంది. 2008లో లీమన్ బ్రదర్స్ బ్యాంకు లెక్కల్లో తేడాలున్నాయని ఆ సంస్థ కూలకముందే బహిరంగంగా చెప్పి, దాని షేర్లు పడతాయని పందెం కాసినవాడు. అందరూ ఒకవైపు ఉన్నప్పుడు ఎదురు నిలబడి నెలల తరబడి ఓపిక పట్టడం ఆయన పద్ధతి. అన్నీ సవ్యంగానే చేశాడని కాదు. ఒక పబ్బుల సంస్థ షేర్ల వ్యవహారంలో లోపలి సమాచారం వాడుకున్నారంటూ 2012 జనవరిలో బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆయనకూ ఆయన సంస్థకూ కలిపి 72 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఆ మచ్చ ఉంది.

2006లో పోకర్ ప్రపంచ పోటీ ప్రధాన విభాగంలో ఎనిమిది వేల పైచిలుకు మందిలో ఐన్‌హార్న్ 18వ స్థానంలో నిలిచాడు. 6 లక్షల 59 వేల డాలర్లొచ్చాయి. మొత్తం పార్కిన్సన్స్ వ్యాధి పరిశోధన కోసం మైకేల్ జె. ఫాక్స్ ఫౌండేషన్‌కి ఇచ్చేశాడు. 2012లో లాలిబెర్తే పోటీలో మూడో స్థానం, 43 లక్షల 52 వేల డాలర్లు. అదీ పేద విద్యార్థుల కోసం పనిచేసే సిటీ ఇయర్ సంస్థకు వెళ్లింది. ఈ మనిషి పేక బల్ల దగ్గర డబ్బు సంపాదించాలనుకోలేదు. ప్రొఫెషనల్స్‌తో తన బుర్రను కొలుచుకోవాలనుకున్నాడు. ఆ కొలతకు అయ్యే ఖర్చు ముందే తీసి పక్కన పెట్టుకున్నాడు. గెలిచింది తనది కాదని ముందే అనుకున్నాడు కాబట్టి, పోతుందేమోనన్న వణుకూ లేదు, వచ్చిందన్న మైకమూ లేదు.

ఆ పోటీలో లాలిబెర్తేది అయిదో స్థానం. తాను వేసిన బల్ల దగ్గర, తాను పిలిచినవాళ్ల మధ్య, ప్రపంచ మేటి ఆటగాళ్లను దాటి ఆయన అక్కడిదాకా వచ్చాడు. ఆన్‌లైన్‌లో హద్దు లేని చోట కోట్లు పోగొట్టుకున్న మనిషే, హద్దు ఉన్న చోట నిలదొక్కుకున్నాడు. ఒక్క పోటీతో ఏదీ రుజువు కాదు. కానీ ఈ తేడా కాకతాళీయం అని నేననుకోను.

గెలిచి మాట్లాడనివాడు

2014లో రెండోసారి బిగ్ వన్ జరిగింది. 42 మంది కూర్చున్నారు. డాన్ కోల్మన్ అనే కుర్ర ప్రొఫెషనల్ కోటీ 53 లక్షల డాలర్లు గెలిచాడు. కెమెరాలు చుట్టుముట్టాయి. ఆ కుర్రాడి ముఖంలో నవ్వు లేదు. ఇంటర్వ్యూ ఇవ్వనన్నాడు. అహంకారం అని తిట్టారు. తర్వాత తనే వివరణ రాశాడు: ఈ ఆట ఆడేవాళ్లలో చాలామందికి నష్టమే మిగులుస్తుంది, ఎంతోమంది దీనిలో పడి డబ్బూ మనసూ పాడుచేసుకుంటారు, గెలిచిన కొద్దిమందిని చూపించి దీన్ని ప్రచారం చేయడానికి నాకు మనసు రాదు అన్న అర్థంలో. తనకు అన్నం పెట్టిన ఆట గురించి, గెలిచాక, ఇంత నిజం చెప్పిన ఆటగాణ్ని నేను ఇంకొకణ్ని చూడలేదు.

వ్యాపారులకూ ఈ అసమానత గుచ్చుకుంది. 2016లో మాంటే కార్లోలో పదిలక్షల యూరోల పోటీ పెట్టినప్పుడు లాలిబెర్తే ప్రొఫెషనల్స్‌ని రానివ్వలేదు. 28 ఎంట్రీలొచ్చాయి. హాంకాంగ్‌కు చెందిన ఎల్టన్ త్సాంగ్ 1,11,11,111 యూరోలు గెలిచాడు. ఆయన నిజంగా సరదా ఆటగాడేనా అని మళ్లీ గొణుగుడు. 2019 ఆగస్టులో లండన్‌లో పోకర్ పోటీలు పెట్టే ట్రైటన్ సంస్థ మరో దారి పట్టింది. రుసుము పదిన్నర లక్షల పౌండ్లు. అందులో 50 వేలు సేవా సంస్థలకు. పిలుపు వ్యాపారులకే. పిలుపందుకున్న వ్యాపారి తనకు నచ్చిన ప్రొఫెషనల్ ఒకరిని వెంట తీసుకురావచ్చు. మొదట వ్యాపారులు వ్యాపారులతో, ప్రొఫెషనల్స్ ప్రొఫెషనల్స్‌తో ఆడాలి. 54 మంది ఆడారు. చైనా వ్యాపారి ఆరన్ జాంగ్ పోటీ గెలిచాడు. ఆఖరి ఇద్దరూ ముందే పంపకం ఒప్పందం చేసుకోవడం వల్ల రెండో స్థానంలో నిలిచిన ప్రొఫెషనల్ బ్రిన్ కెన్నీకి జాంగ్ కన్నా ఎక్కువ, కోటీ 68 లక్షల పౌండ్లు వెళ్లాయి. ట్రోఫీ వ్యాపారికి, పెద్ద మొత్తం ప్రొఫెషనల్‌కి. ఇద్దరూ తమకు కావాల్సింది తీసుకుని వెళ్లినట్టే కనపడుతుంది.

మన ప్రశ్న వేరే ఉండాలి

పేకాట నైపుణ్యమా, అదృష్టమా? యాభై ఏళ్లకు పైగా మన కోర్టులు నలిగింది ఈ ఒక్క ప్రశ్న మీదే. దానికి మూలం మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు. అక్కడ రమ్మీ ఆడేవాళ్ల మీద పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ కేసుగా పేరుపడ్డ దానిలో 1967 నవంబరులో తీర్పొచ్చింది. ఏ ముక్కలు పడ్డాయో గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అంది కోర్టు. మూడు ముక్కలాటను మాత్రం అదృష్టం లెక్కలో వేసింది. పోకర్ విషయంలో హైకోర్టులు ఇప్పటికీ తలోమాట చెబుతున్నాయి. 2013లో కర్ణాటక హైకోర్టు నైపుణ్యమంది. 2017లో గుజరాత్ హైకోర్టు కాదంది.

ఈలోగా ఆట క్లబ్బులోంచి సెల్‌ఫోన్‌లోకి వచ్చేసింది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేల ఆటల్ని నిషేధించాయి. అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు అప్పటికే జిల్లా పేజీల్లో మామూలైపోయాయి. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా సరే, నైపుణ్యమైనా అదృష్టమైనా, నడపకూడదంది. ఏటా 45 కోట్ల మంది 20 వేల కోట్ల రూపాయల దాకా పోగొట్టుకుంటున్నారని అప్పుడు ప్రభుత్వం అంచనా చెప్పింది.

పదిలక్షల డాలర్ల బల్లను దగ్గరగా చూసినప్పుడు, మనం ఇన్నేళ్లూ వేసుకున్న ప్రశ్న పక్కదారి పట్టిందనిపిస్తుంది. పోకర్‌లో నైపుణ్యం ఉంది. సందేహం లేదు. లేకపోతే ఆ ప్రొఫెషనల్స్ అన్నేళ్లు గెలుస్తూ ఉండలేరు. నైపుణ్యం ఉండబట్టే కొత్తవాడు తప్పకుండా ఓడతాడు. ‘ఇది నైపుణ్యం ఆట’ అన్న మాట యాప్ కంపెనీలకు రక్షణ కవచమైంది గానీ, ఫోను పట్టుకున్న కుర్రాడికి అది హెచ్చరిక కావాల్సింది. తనకన్నా వెయ్యి రెట్లు ఎక్కువ ఆడినవాళ్లు అవతల కూర్చున్నారని ఆ మాటకు అర్థం. అడగాల్సింది ఓటమికి హద్దు ఉందా అని. ఐన్‌హార్న్ ఎంత పోతుందో తెలిసి కూర్చున్నాడు. అది పోయినా ఆ ఇంట్లో ఎవరి చదువూ ఆగదు. రాత్రి రెండింటికి యాప్‌లో మూడోసారి వెయ్యి రూపాయలు వేసే ఆటోడ్రైవరుకు ఏ తలుపు దగ్గరా ఎవరూ ఆ లెక్క చెప్పలేదు. అతని ఎదుట బల్ల ఎత్తేసేవాళ్లూ లేరు. లాలిబెర్తే అంతటివాణ్నే ఆ హద్దులేనితనం కోట్లకు ముంచిందని తలచుకుంటే, నెలకు పదిహేను వేలు సంపాదించే మనిషి తట్టుకోవాలని ఆశించడం అన్యాయం.

కేంద్ర చట్టంలో నాకు బాగా నచ్చిన అంశం ఒకటుంది. నడిపినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంటుంది. ఆడినవాణ్ని మాత్రం శిక్షించదు. నష్టపోయినవాడిగానే చూస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో పేకాట మీద అమల్లో ఉన్నది 1974 నాటి చట్టం. దాని కింద ఆడుతూ దొరికినవాడు కూడా నేరస్తుడే. పేకాట శిబిరం మీద దాడి జరిగిన మర్నాడు పత్రికలో ఫోటో వస్తుంది. ముందు వరసలో బల్ల మీద నోట్ల కట్టలు, పేక ముక్కలు. వెనక తలలు దించుకుని నిలబడ్డ కూలీలు, కౌలు రైతులు, చిన్న దుకాణాలవాళ్లు. శిబిరం పెట్టినవాడు ఆ ఫోటోలో చాలాసార్లు ఉండడు. సంక్రాంతి పందేల పక్కన గుండాట బల్లలు వేయించినవాడూ ఉండడు. ఆ ఫోటోలు ఆగాలి. 1974 చట్టాన్ని తిరగరాసి, అందులోనూ ఆడినవాణ్నీ ఆడించినవాణ్నీ వేరుచేసి, కేసు ఆడించినవాడి మీద పెట్టి, ఓడినవాడికి అప్పుల నుంచి బయటపడే దారి చూపించాలి. రెండు రాష్ట్రాల శాసనసభలూ తలుచుకుంటే చేయగలిగిన పనే ఇది.